తగవులో ఎవరి మాట, ఎవరి మౌనం? భిన్నసంస్కృతుల ఉద్యోగుల సంఘర్షణపై సిద్ధాంతాలు - ఒక విమర్శ

వ్యాససంగ్రహం

భిన్నసంస్కృతులకు చెందిన ఉద్యోగులు పనిచేసేచోట తలెత్తే తగవులను ఎలా ఎదుర్కొంటారన్న ప్రశ్నకు నిర్వహణశాస్త్రం ఎక్కువగా జాతీయసంస్కృతి ఆధారంగానే సమాధానం చెబుతూ వచ్చింది. అమెరికన్లు నేరుగా తలపడతారు, ఆసియావాసులు తప్పించుకుంటారు అన్నది ఆ సమాధానసారం. ఈ వ్యాసం ఆ వర్గీకరణను మూడు ఆధారాలతో పరీక్షిస్తుంది. అవి తగవుకు సంబంధించిన తెలుగు పదజాలం, తిక్కన విరాటపర్వంలోని కొలువు, 2019లో వచ్చిన ‘అమెరికన్ ఫ్యాక్టరీ’ డాక్యుమెంటరీ. తగవులో ఎవరు నోరు విప్పగలరో మొదట నిర్ణయించేది కొలువులోని స్థానమనీ, ఆ మాటకు గానీ మౌనానికి గానీ రూపమిచ్చేది సంస్కృతి అనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తగవు, మొగమాటం, మౌనం, సేవాధర్మం, జాతీయసంస్కృతి, విరాటపర్వం, అమెరికన్ ఫ్యాక్టరీ.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘తగవు’ అనే మాటకు రెండర్థాలున్నాయి. నేటి వాడుకలో అది కలహం. కావ్యభాషలో అది న్యాయం, ఔచిత్యం కూడా. ‘తగు’ నుంచి వచ్చిన పదం కాబట్టి తగినది అన్నదే దాని మూలార్థం. తగవరి అంటే న్యాయమెరిగినవాడు, తీర్పు చెప్పదగినవాడు. ఏది తగునో తేలనప్పుడే ఇద్దరు ఎదురుపడతారు కనుక కలహమూ న్యాయమూ ఒకే మాటలో ఇమిడి ఉండడం అంత వింతేమీ కాదు.

ఉద్యోగస్థలంలోని సంఘర్షణను గురించిన నిర్వహణశాస్త్రగ్రంథాల్లో ఈ రెండో అర్థం అరుదుగా వినిపిస్తుంది. అక్కడ సంఘర్షణ నిర్వహించవలసిన ఒక వస్తువు. ఎవరు ఏ శైలిలో నిర్వహిస్తారన్నదే ప్రధానప్రశ్న. న్యాయం ఎవరి పక్షాన ఉంది, నోరు విప్పితే ఎవరికి ఎంత నష్టం అన్నవి వెనక్కి పోతాయి. ఆ ప్రశ్నలు వెనక్కి పోయినచోట మిగిలేది శైలి. శైలికి కారణం వెతకవలసి వచ్చినప్పుడు చేతికి సులువుగా అందేది సంస్కృతి.

2. శైలుల పట్టిక, దేశాల పట్టిక

సంఘర్షణ శైలులను కొలిచే సాధనాల్లో మిక్కిలి ప్రచారంలో ఉన్నది కెన్నెత్ థామస్, రాల్ఫ్ కిల్‌మన్ 1974లో రూపొందించిన ప్రశ్నావళి. 1964లో బ్లేక్, మూటన్ వేసిన చట్రమే దీనికి మూలం. ముప్పై జతల వాక్యాలిచ్చి ప్రతి జతలోనూ ఒకదాన్ని ఎంచుకోమంటారు. దాన్నిబట్టి మనిషిని అయిదు శైలుల్లో అంచనా కడతారు: పోటీపడడం, సహకరించడం, రాజీపడడం, తప్పించుకోవడం, సర్దుకుపోవడం. తన పట్టు ఎంత, ఎదుటివారి పట్ల పట్టింపు ఎంత అన్న రెండు కొలతల మీదే ఈ అయిదూ నిలబడ్డాయి. ఎదుటివారు ఎవరన్న కొలత ఇందులో లేదు. పై అధికారితో తగవైనా, పక్క కుర్చీలోని సహోద్యోగితో తగవైనా, సమాధానమిచ్చే వ్యక్తికి ఒకే శైలి ఉంటుందన్న ఊహ మీద ఈ పట్టిక నడుస్తుంది.

శైలులను దేశాలకు జతచేసే పనికి గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1980లో ప్రచురించిన గ్రంథం పెద్ద ఆసరా అయింది. 1967, 1973 మధ్య ఐబీఎమ్ సంస్థ ఉద్యోగుల నుంచి సేకరించిన 1,16,000 పైచిలుకు ప్రశ్నావళులు ఆయనకు ఆధారం. అధికారదూరం అనే కొలతలో భారతదేశానికి 77, అమెరికాకు 40. వ్యక్తివాదంలో భారతదేశానికి 48, అమెరికాకు 91. ఈ అంకెలు అప్పటినుంచి వేల పరిశోధనపత్రాల్లో, శిక్షణ తరగతుల్లో తిరుగుతూనే ఉన్నాయి. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఈ తరహా చర్చల్లో అమెరికాకు ఎదురుగా ఎప్పుడూ నిలబెట్టే ప్రధానభూభాగ చైనా ఆ ఐబీఎమ్ సర్వేలో లేదు. దాని అంకెలు తరువాత అంచనాగా చేరాయి. రెండోది, బ్రెండన్ మెక్‌స్వీనీ 2002లో ఎత్తిచూపినట్లు, కొన్ని దేశాల నుంచి వచ్చిన సమాధానాలు చాలా స్వల్పం. పాకిస్థాన్ నుంచి రెండు విడతలూ కలిపి వచ్చినవి నూరుకు కొద్దిగా పైన మాత్రమే. ఒక కంపెనీలో పనిచేసే నూరుమంది ఒక దేశానికి ప్రతినిధులయ్యారు. ఒక ఊరి యాసను మాత్రమే విని తెలుగు మాండలికాల మీద సిద్ధాంతవ్యాసం రాస్తే ఏ పరిశీలకుడూ ఆమోదించడు. ఇక్కడ మాత్రం ఆ అభ్యంతరం రావడానికి చాలా కాలం పట్టింది.

దేశం నుంచి శైలికి దారి వేసిన మరో ముఖ్యపరిశోధన మైకేల్ మోరిస్, ఆయన సహపరిశోధకులు 1998లో ప్రచురించినది. అమెరికా, చైనా, ఫిలిప్పీన్స్, భారతదేశాలను అది పోల్చింది. చైనావారిలో తప్పించుకునే శైలి, అమెరికావారిలో పోటీపడే శైలి అధికమని తేల్చి, ఆ తేడాలకు వారు నమ్మే విలువలే కారణమని వివరించింది. జాగ్రత్తగా చేసిన పని ఇది. అయితే అందులో సమాధానాలిచ్చినవారు యువ మేనేజర్లు, మేనేజ్‌మెంట్ విద్యార్థులు. కొలిమి దగ్గర నిలబడేవారు, ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారు కాదు. ఆ పరిమితి శిక్షణ తరగతికి చేరేసరికి మాయమై ‘చైనావారు’, ‘అమెరికన్లు’ అన్న మాటలే మిగులుతాయి.

3. ‘ముఖం’ సిద్ధాంతమూ ‘మొగమాటమూ’

ఈ చర్చలో సాహిత్య, భాషా విద్యార్థులకు ఎక్కువ దగ్గరైనది ముఖమర్యాద సిద్ధాంతం. ఎర్వింగ్ గాఫ్‌మన్ 1955లో రాసిన వ్యాసంతో ఈ భావన సామాజికశాస్త్రంలో స్థిరపడింది. దాన్ని స్టెల్లా టింగ్-టూమీ 1980లలో సంస్కృతుల మధ్య సంఘర్షణకు అన్వయించారు. వ్యక్తివాదసమాజాల్లో మనిషి తన ముఖాన్ని, సమష్టివాదసమాజాల్లో ఎదుటివారి ముఖాన్ని లేదా ఇరువురి ముఖాలను కాపాడడానికి ఎక్కువగా ప్రయత్నిస్తాడని, అందుకే రెండో కోవవారిది తప్పించుకునే ధోరణిగా కనిపిస్తుందని ఆమె వివరణ. తప్పించుకోవడం పిరికితనం కాదని, అదీ ఒక సంభాషణరీతి అని గుర్తించడం ఈ సిద్ధాంతం చేసిన మేలు.

తెలుగువారికి ఈ ఆలోచన కొత్తది కాదు. మొహమాటం అన్న మాటకు పూర్వరూపమైన మొగమాటంలోనే ముఖం ఉంది. అడిగినవారి ముఖం చూసి కాదనలేకపోవడం మొగమాటం. కానీ తెలుగు వాడుకను కాస్త నిదానంగా చూస్తే సిద్ధాంతంలో లేని భేదం ఒకటి కనిపిస్తుంది. మొగమాటం బంధువుల మధ్య, స్నేహితుల మధ్య, ఇరుగుపొరుగువారి మధ్య పుడుతుంది. యజమాని ముందు పాలేరు మాట్లాడకపోతే దాన్ని మొగమాటం అనరు, భయం అంటారు. అధికారి ముందు గుమాస్తా చేతులు కట్టుకుంటే అది వినయం. బయటినుంచి చూసేవారికి ఈ మూడూ ఒకే మౌనం. ప్రశ్నావళిలో మూడూ ‘తప్పించుకోవడం’ కిందికే వస్తాయి. భాష మాత్రం వాటిని వేర్వేరుగా గుర్తించింది, గుర్తించడానికి ఆధారంగా మనుషుల మధ్య అంతస్తును తీసుకుంది.

‘సర్దుకుపోవడం’ కూడా ఇటువంటిదే. అయిదు శైలుల్లో ఒకటిగా తెలుగులోకి దించినప్పుడు అది ఎవరైనా ఎంచుకోగల వైఖరిగా ధ్వనిస్తుంది. వాడుకలో ఈ క్రియ విధ్యర్థంలోనే ఎక్కువగా వినిపిస్తుంది. సర్దుకుపొమ్మని చెప్పించుకునేది కోడలు, తమ్ముడు, కిందిస్థాయి ఉద్యోగి. అత్తగారికి, అధికారికి ఆ సలహా ఇచ్చేవారు అరుదు. ‘ఊరుకో’ అన్న మాట ఓదార్పూ అవుతుంది, నోరు మూసుకొమ్మనే ఆజ్ఞా అవుతుంది. ఏదైందీ అన్నవారిని, పడ్డవారిని బట్టి తెలియాలి.

మర్యాదభాషను విశ్లేషించిన పెనెలోపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ ఈ సంగతి గుర్తించారు. 1978లో దీర్ఘవ్యాసంగా, 1987లో పుస్తకంగా వెలువడిన వారి పరిశోధనకు ఆధారమైన మూడు భాషల్లో తమిళం ఒకటి. ఆ సామగ్రిని కోయంబత్తూరు ప్రాంతపు గ్రామంలో సేకరించారు. కులం, అంతస్తు మాటతీరును ఎలా శాసిస్తాయో అక్కడ వారికి ప్రత్యక్షంగా కనిపించింది. అందుకే వారి సూత్రంలో వక్తకూ శ్రోతకూ మధ్య దూరంతోపాటు అధికారం ఒక ప్రత్యేక అంశం. తరువాత ఈ సిద్ధాంతాన్ని సంస్థలకు అన్వయించిన పనిలో చాలాభాగం అధికారాన్ని దేశలక్షణంగా మార్చి, ఇద్దరు వ్యక్తుల మధ్య ఉన్నదాన్ని రెండు దేశాల మధ్యకు జరిపింది. ద్రావిడభాషాసమాజం నుంచి నేర్చుకున్న పాఠం దారిలో ఇలా జారిపోయింది.

4. ఒకే సంస్కృతి, మూడు రీతులు: విరటుని కొలువు

శైలి సంస్కృతిదే అయితే ఒకే సంస్కృతిలో పుట్టి, ఒకే ఇంట మెలిగి, ఒకే కొలువులో చేరినవారు తగవును ఇంచుమించు ఒకే విధంగా ఎదుర్కోవాలి. ఈ పరీక్షకు తెలుగు సాహిత్యంలో విరాటపర్వాన్ని మించిన చోటు లేదు. అజ్ఞాతవాసకథగా, కీచకవధ కథగా ఎంతో చర్చ పొందిన ఈ పర్వం ఉద్యోగుల కథ కూడా. రాజ్యమేలినవారు జీతగాళ్లుగా మారతారు. కంకుభట్టు జూదంలో రాజుకు తోడు, వలలుడు వంటవాడు, బృహన్నల నాట్యాచార్యుడు, సైరంధ్రి అంతఃపురంలో పనిచేసే స్త్రీ. కొలువులో చేరకముందే ధౌమ్యుడు వారికి సేవాధర్మం బోధిస్తాడు. తనకు తగని ఆసనం మీద కూర్చోరాదు, అడగనిదే సలహా చెప్పరాదు, రాజు ఆదరించాడని చనువు తీసుకోరాదు, అంతఃపుర విషయాల్లో తలదూర్చరాదు. మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కనకు ఈ ఘట్టం పుస్తకంలో చదివి తెలుసుకున్న విషయం మాత్రమే కాదు.

ధౌమ్యుడి ఉపదేశం అందరికీ ఒకటే. కీచకుడు సైరంధ్రిని వెంటాడి సభలో తన్నినప్పుడు ఆ ఉపదేశం విన్న ముగ్గురూ మూడు విధాలుగా ప్రవర్తిస్తారు. ద్రౌపది నిండుసభలో నేరుగా మాట్లాడుతుంది, రాజు ధర్మాన్ని నిలదీస్తుంది. శైలుల పట్టికలో ఇది పోటీపడడమే. భీముడు మాట్లాడడు, ఎదుట ఉన్న చెట్టు వైపు చూస్తాడు. ఆ చూపులోని ఉద్దేశం గ్రహించిన ధర్మరాజు, వంటవాడు వంటచెరకు కోసం చెట్టు చూస్తున్నట్లుగా అర్థం కల్పించి, ఈ చెట్టును ముట్టవద్దన్న సూచనను పదిమందిలోనే అందజేస్తాడు. సభ విన్నది ఒక మాట, భీముడు విన్నది మరొకటి. పరోక్షసంభాషణ ఎంత పదునుగా పనిచేస్తుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. దీన్ని ‘తప్పించుకోవడం’ కింద రాసే ప్రశ్నావళికి ఆ సభలో ఏం జరిగిందో తెలియనట్లే.

అంతలోనే ధర్మరాజు ద్రౌపదిని, సభలో నటకత్తెలా నిలబడడం తగదని మందలిస్తాడు. ఆమె తన భర్తే నటుడని, పైగా జూదరి అని బదులిస్తుంది. ఫిర్యాదు చేసిన వ్యక్తికే మందలింపు ఎదురుకావడం నేటి ఉద్యోగికి కొత్తగా తోచదు. ఆమె బదులు కూడా పరోక్షమే. సభకు అది ఒక పరిచారిక ఆవేదన, కంకుభట్టుకు అది తన చరిత్ర మొత్తం. క్షణం క్రితం నేరుగా మాట్లాడిన స్త్రీయే ఇప్పుడు ధ్వనిని ఆశ్రయించింది. వ్యక్తి మారలేదు, సంస్కృతి మారలేదు, ఎదుటివారు మారారు.

రాజు కీచకుణ్ణి దండించలేకపోతాడు. కీచకుడు సేనాపతి, పైగా రాణి తమ్ముడు. కొలువులోని న్యాయానికి దారి మూసుకుపోయాక ద్రౌపది రాత్రివేళ వంటశాలలో ఉన్న భీముణ్ణి ఆశ్రయిస్తుంది. మొదట సభ, ఆ తరువాతే వంటశాల అన్న వరుసను సిద్ధాంతాలు పట్టించుకోవు. అవి మనిషిని ఒక క్షణంలో కొలుస్తాయి. తగవుకు పూర్వాపరాలుంటాయి.

5. రెండు సంస్కృతులు, ఒకే రీతి: ఒహాయో గాజు కర్మాగారం

ఇప్పుడు పరీక్షను తిరగేసి చూడాలి. నిజంగా భిన్నసంస్కృతులవారు ఒకే కప్పు కింద పనిచేసినప్పుడు వారి రీతులు దేశాలను బట్టే విడిపోతాయా? స్టీవెన్ బాగ్నర్, జూలియా రైకర్ట్ దర్శకత్వంలో 2019లో వచ్చి, మరుసటి ఏడు ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ పొందిన ‘అమెరికన్ ఫ్యాక్టరీ’లో ఇందుకు విస్తారమైన ఆధారం ఉంది. ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరానికి ఆనుకొని ఉన్న మొరేన్‌లో జనరల్ మోటార్స్ కర్మాగారం 2008 డిసెంబరులో మూతపడింది. ఆ మూతను ఇదే దర్శకులు 2009లో ఒక లఘుచిత్రంగా తీశారు. అదే భవనంలో చైనాకు చెందిన ఫూయావ్ సంస్థ వాహనాల గాజు తయారీ మొదలుపెట్టింది. చైనా నుంచి వచ్చిన నిపుణులు, సూపర్‌వైజర్లు, స్థానిక అమెరికన్ కార్మికులు పక్కపక్కన పనిచేయడం ఈ చిత్రవస్తువు.

సంస్కృతిభేదాన్ని చూడాలనుకునేవారికి చిత్రంలో కావలసినంత ఉంది. చైనా సిబ్బందికి అమెరికన్ల స్వభావం గురించి పాఠం చెబుతారు: వీరు మనసులో ఉన్నది దాచుకోరు, ఈ దేశంలో అధ్యక్షుడి మీద హాస్యమాడినా ఎవరూ ఏమీ చేయరు. ఫూజియాన్ రాష్ట్రంలోని ఫూచింగ్ కేంద్రానికి అమెరికన్ సూపర్‌వైజర్లు వెళ్లి, కార్మికులు వరుసగా నిలబడి సైనికుల్లా హాజరు పలకడం చూస్తారు. తిరిగివచ్చాక అదే పద్ధతి మొరేన్‌లో ప్రయత్నిస్తే, కార్మికులు చెట్టుకొకరు పుట్టకొకరుగా నిలబడతారు. ప్రేక్షకులు నవ్వే దృశ్యం ఇది. చిత్రాన్ని ‘రెండు సంస్కృతుల ఢీ’గా పరిచయం చేసిన సమీక్షలు ఎక్కువగా పట్టుకున్నవి ఇలాంటి దృశ్యాలే.

విమర్శకు ఉపయోగపడేది ఆ పర్యటనలోని మరో సంభాషణ. అమెరికన్ సూపర్‌వైజర్ ఒకరు తన చైనా సహోద్యోగితో, తమ కార్మికులు మరీ ఎక్కువగా మాట్లాడతారని, నోటికి టేపు అంటిస్తే పని బాగా సాగుతుందని అంటాడు. చైనా ఉద్యోగి మొదట ఆశ్చర్యపోతాడు, నిజంగా అలా చేయవచ్చా అన్నట్లు అడుగుతాడు. ఇద్దరి మధ్య భాష అంతంతమాత్రం. ఒకరిది నేరుగా మాట్లాడే సంస్కృతి అంటారు, మరొకరిది ముఖం కాపాడే సంస్కృతి అంటారు. అయినా కిందివారి నోరు ఎలా కట్టాలన్న విషయంలో ఒకరి మాట మరొకరికి చప్పున అందింది. సిద్ధాంతాల ప్రకారం అమెరికన్ సంస్కృతి మాటను గౌరవించాలి. ఇక్కడ అమెరికనే టేపు గురించి మాట్లాడుతున్నాడు.

కార్మికుల వైపు చూస్తే మరొకరకమైన సామ్యం కనిపిస్తుంది. జనరల్ మోటార్స్‌లో గంటకు 29 డాలర్ల పైచిలుకు సంపాదించిన ఒక కార్మికురాలు ఇక్కడ 12.84 డాలర్లకు గాజు పరీక్షించే పనిలో చేరింది. ఫూచింగ్‌లో కార్మికులు పన్నెండు గంటల షిఫ్టుల్లో పనిచేస్తూ, నెలకు ఒకటి రెండు సెలవులతో సరిపెట్టుకుంటారు. పగిలిన గాజుముక్కలను తగిన రక్షణ లేకుండా వేరుచేయడం చూసి అమెరికన్ సూపర్‌వైజర్ నివ్వెరపోతాడు. మొరేన్‌కు వచ్చిన చైనా కార్మికులు కుటుంబాలను వదిలి వచ్చారు. చిత్రంలో వారు ఒంటరితనం గురించి చెప్పుకుంటారు, యాజమాన్యం మీద ఫిర్యాదు మాత్రం దాదాపు వినిపించదు. దీన్ని చైనా సంస్కృతిలోని అణకువగా చదవడం తేలిక. కంపెనీ పంపితే వచ్చి, కంపెనీ ఉండమన్నన్నాళ్లే ఆ దేశంలో ఉండగల మనిషి, కంపెనీ లోపల నడుస్తున్న కెమెరా ముందు ఏం మాట్లాడగలడన్న ప్రశ్న వేసుకున్నాకే ఆ పఠనాన్ని అంగీకరించాలి. చిత్రం ఈ ప్రశ్నను తగినంత గట్టిగా వేయలేదన్నది ఒక లోపంగానే చెప్పాలి.

కొలిమి దగ్గర పనిచేసే చైనా, అమెరికా కార్మికుల మధ్య స్నేహమే చిత్రంలో అందరికీ గుర్తుండే భాగం. థాంక్స్‌గివింగ్ పండుగకు చైనా సహోద్యోగులను ఒక అమెరికన్ కార్మికుడు ఇంటికి పిలుస్తాడు. భోజనం, తుపాకీ గురి, మోటారుసైకిలు మీద సవారీ. భాష తక్కువ, సంస్కృతుల మధ్య దూరం ఎక్కువ, అంతస్తు ఒకటే. ఆ ముగ్గురిలో చివరిదే అక్కడ గెలిచింది.

సంఘర్షణ బహిరంగమైంది యూనియన్ విషయంలో. 2016 అక్టోబరులో జరిగిన ప్రారంభోత్సవంలో ఒహాయో సెనేటర్ షెరాడ్ బ్రౌన్ కార్మికులకు యూనియన్ హక్కు గురించి ప్రస్తావిస్తే యాజమాన్యం మండిపడింది. ఆ ఆగ్రహం చైనా అధ్యక్షుడు ఛావ్ దెవాంగ్ ఒక్కరిది కాదు, కంపెనీలోని అమెరికన్ అధికారిది కూడా. తరువాత అమెరికన్ అధికారులను తొలగించి, అమెరికాలో దీర్ఘకాలం నివసించిన చైనా జాతీయుణ్ణి పై స్థానంలో నియమించారు. యూనియన్ రాకుండా చూడడానికి కంపెనీ ఆశ్రయించినది చైనా పద్ధతిని కాదు. యూనియన్లను ఓడించడంలో ఆరితేరిన అమెరికన్ సలహాదారులను పెట్టుకొని, కార్మికులను తరగతుల్లో కూర్చోబెట్టి చెప్పించింది. 2017 నవంబరులో జరిగిన ఓటింగులో 444 మంది యూనియన్‌ను కోరగా 868 మంది వద్దన్నారు. బహిరంగంగా యూనియన్‌ను సమర్థించిన ఒక ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు ఉద్యోగం పోగొట్టుకుంది. నేరుగా మాట్లాడే సంస్కృతిలో నేరుగా మాట్లాడినందుకు ఆమె చెల్లించిన మూల్యం ఇది. ఆ సంగతి తెలిసిన పక్కవారు మాట్లాడకపోతే వారిది ఏ దేశపు శైలి అనాలి?

ఫూచింగ్‌లో యూనియన్ ఉంది. దాని అధ్యక్షుడు సంస్థాధినేతకు బావమరిది వరస. విరటుని కొలువును ఎరిగిన పాఠకులకు ఇంతకుమించి వ్యాఖ్య అక్కరలేదు.

6. సంస్కృతికి మిగిలే పాత్ర

పై చర్చ సంస్కృతికి పాత్రే లేదని చెప్పడానికి కాదు. కోపాన్ని, అసమ్మతిని ఏ రూపంలో చెబితే చెప్పినట్లు లెక్క అన్నది సమాజాన్ని బట్టి మారుతుంది. తమర్ కాట్రియెల్ 1986లో ప్రచురించిన గ్రంథంలో ఇజ్రాయెల్‌లో పుట్టిపెరిగిన యూదుల ‘దుగ్రి’ మాటతీరును వివరించారు. ముఖాన్నే కుండబద్దలు కొట్టినట్లు చెప్పడం అక్కడ సాటివారి పట్ల గౌరవానికి, నిజాయితీకి గుర్తు. ఆమె వివరణలో ముఖ్యమైన సంగతి ఏమంటే ఆ తీరుకు చరిత్ర ఉంది. ప్రవాసజీవితంలోని అణకువను వదులుకోవాలన్న సంకల్పంతో ఒక తరం దాన్ని నిర్మించుకుంది. అంటే నేరుగా మాట్లాడడమూ రక్తంలో వచ్చింది కాదు, స్థానం మారినప్పుడు అలవరచుకున్నది.

మొరేన్‌లోనూ రూపభేదం పనిచేస్తుంది. కొత్త అధ్యక్షుడు తన చైనా సూపర్‌వైజర్లను కూర్చోబెట్టి, అమెరికన్లను చిన్నప్పటినుంచి పొగుడుతూ పెంచుతారని, గాడిదను వెంట్రుకలు వాలిన దిశలోనే నిమరాలని బోధిస్తాడు. అమెరికన్ కార్మికుడి ముఖం కాపాడే విద్య ఇది. ముఖమర్యాద సిద్ధాంతాన్ని ఆయన ఎవరికంటే బాగా అర్థం చేసుకున్నాడనిపిస్తుంది. ఆ విద్యను దేనికి వాడుతున్నాడన్నది వేరే ప్రశ్న. సంస్కృతుల గురించిన జ్ఞానం ఉద్యోగుల మధ్య సఖ్యతకు పనికివస్తుందని శిక్షణగ్రంథాలు చెబుతాయి. ఇక్కడ అది తగవు పైకి రాకుండా చూసే సాధనమైంది. పైగా ఆ మాటలు చైనా భాషలో, అమెరికన్లు లేని గదిలో అన్నవి. అవి వినగలిగింది ఉపశీర్షికలు చదివే ప్రేక్షకులే తప్ప, ఆ గాడిద పోలిక ఎవరిని గురించో ఆ కార్మికులు కారు.

7. దేశం దాటిన తెలుగు మౌనం

ఈ వాదానికి తెలుగువారి జీవితంలో సూటిగా తగిలే చోటు అమెరికాలో హెచ్-1బి వీసా మీద పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులది. సమావేశంలో మేనేజరు తప్పు నిర్ణయం ప్రకటించినా ఎదురుచెప్పని భారతీయ ఉద్యోగి చిత్రం ఆ రంగానికి చెందిన శిక్షణసాహిత్యంలో స్థిరపడిపోయింది. అధికారదూరం 77 అన్న అంకె దానికి వివరణగా వెంటనే అందుతుంది. ఆ ఉద్యోగి ఆ దేశంలో ఉండడం యజమాని మీద ఆధారపడి ఉందని, 2017లో అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం ఉద్యోగం పోయిన తరువాత మరో ఆధారం వెతుక్కోవడానికి ఉండేది గరిష్ఠంగా అరవై రోజులని ఆ వివరణలో ఉండదు. ఇంటి అప్పు, పిల్లల బడి, స్వదేశంలో ఎదురుచూసే తల్లిదండ్రులు, ఇవన్నీ ఆ అరవై రోజుల్లో ఇమడాలి. అదే సమావేశంలో పక్కనే కూర్చున్న అమెరికన్ పౌరుడు ‘ఇది పనిచేయదు’ అని అనగలగడంలో సంస్కృతి వాటా ఎంత, పౌరసత్వం వాటా ఎంత అన్నది విడదీసి చూడవలసిన విషయం. విడదీయడం అసాధ్యమేమీ కాదు. వీసా మీద ఉన్నప్పుడు, శాశ్వతనివాసహక్కు వచ్చాక, అదే వ్యక్తి తగవుల్లో ఎలా మాట్లాడాడో అడిగి తెలుసుకోవచ్చు. దేశం అదే, భాష అదే, పెంపకం అదే, స్థానం ఒక్కటే మారుతుంది.

అలా అడిగేటప్పుడు ఏ భాషలో అడుగుతున్నామన్నది కూడా చూసుకోవాలి. ఇంగ్లీషులో పై అధికారిని పేరుపెట్టి పిలిచే ఉద్యోగి, ఆ అధికారి తెలుగువాడైతే తెలుగులోకి రాగానే ‘గారు’, ‘అండి’ చేరుస్తాడు. పేరుపెట్టి పిలవడం వల్ల సమానత్వం వచ్చిందని గానీ, ‘అండి’ వల్ల పోయిందని గానీ చెప్పలేం. ‘చూస్తానండి’ అన్న తెలుగు సమాధానం ఒప్పుకోలు కాదని తెలుగు అధికారికి తెలుసు. అది ఇంగ్లీషులో ప్రయత్నిస్తానన్న మాటగా మారితే అవతలివారు ఒప్పందంగా రాసుకుంటారు. వారం తరువాత పని కానప్పుడు పుట్టే తగవు నిజంగా సంస్కృతుల మధ్య తగవే. కానీ సమావేశం ముగిశాక ఆ ఉద్యోగి తన తెలుగు సహోద్యోగికి ఫోన్ చేసి, నిర్ణయం ఎందుకు తప్పో అరగంట సేపు వివరంగా, ఏ మొగమాటమూ లేకుండా చెబుతాడు. పరిశోధకులు ఇంతవరకు కొలిచినవి సమావేశపు మౌనాలు. ఇకపై ఆ ఫోన్ సంభాషణలను కూడా సేకరించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవవలసి ఉంది.